కాటా దగ్గర మారుమనస్సు: ఒక జీడిపిక్కల వ్యాపారి కేసు

సంఘాల్లో కౌన్సెలింగ్ చేసే కాపరులకు, పెద్దలకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఇది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జరిగింది. ఆ సోదరుడి అనుమతి తీసుకున్నాను. ఊరు, సంఘం, వయసు, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పంటను మాత్రం మార్చలేదు. ఈ కేసులో తీసుకున్న ప్రతి నిర్ణయమూ జీడిపిక్కల తూకం మీద ఆధారపడింది. అది తీసేస్తే మిగిలేది ప్రసంగమే.

మన సంఘాల్లో మారుమనస్సు చాలాసార్లు కన్నీళ్ల దగ్గర, చేయెత్తి చేసిన తీర్మానం దగ్గర ఆగిపోతోంది. మనిషి మారడం అతని రోజులో ఒక ఫలానా చోట, ఫలానా పనిలో, ఫలానా మనిషి ఎదుట జరగాలి. ఆ చోటు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే కౌన్సెలింగులో సగం పని. ఈ కేసులో అది ఎలా దొరికిందో, దొరికాక కూడా ఎందుకు ఆలస్యమైందో వివరంగా రాస్తాను.

నేపథ్యం

యాభై దాటిన మనిషి. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు పైనే. సంఘంలో కోశాధికారి. ఆదివారం ఆరాధన తప్పడు, దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఎగ్గొట్టడు. మార్చి నుంచి మే దాకా చుట్టుపక్కల అరవైకి పైగా రైతు కుటుంబాల దగ్గర జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేస్తాడు. సీజనుకు నాలుగు వందల బస్తాల వ్యాపారం. మిగతా కాలమంతా కొబ్బరి, కొంచెం ధాన్యం.

ఈ వ్యాపారం తెలియనివారికి కాస్త చెప్పాలి. పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ధర పలికేది బస్తాకే, ఫ్యాక్టరీలో పప్పు దిగుబడి లెక్కా 80 కిలోల మీదే. రైతు తెచ్చిన పిక్కలో ఎంతో కొంత తేమ ఉంటుంది, ఎండితే బరువు తగ్గుతుంది. దానికని కొనేవాడు కొంత తరుగు తీస్తాడు. గోనె బరువు వేరుగా తీస్తాడు. రెండూ న్యాయమైన కోతలే. ఎంత కోస్తున్నాడన్నదే ప్రశ్న.

ఈ సోదరుడు తరుగుకు 2 కిలోలు, గోనెకు 2 కిలోలు తీసేవాడు. కాటా మీద 84 కిలోలు తూగితేనే చిట్టాలో 80 రాసేవాడు. తరుగు 2 కిలోలు ఆ చుట్టుపక్కల అందరూ తీసేదే. గోనెకు మొదట్లో ఆయనా ఒక్క కిలోయే తీసేవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను పడగొట్టింది. రైతులకు ముందుగా ఇచ్చిన అప్పులు ఇరుక్కుపోయాయి. మరుసటి సీజనులో గోనె తరుగు రెండు కిలోలైంది. తోటలు కొంత కోలుకున్నాయి కానీ ఆ రెండో కిలో మాత్రం అలాగే నిలిచిపోయింది.

రైతులు అడిగే స్థితిలో లేరు. పిల్లల ఫీజులకో ఆస్పత్రికో సీజను ముందే ఆయన దగ్గర డబ్బు తీసుకుంటారు, పిక్కలు ఆయనకే వేస్తామని ఒప్పుకుంటారు. అప్పిచ్చిన చేతిలోనే కాటా ఉంది.

చెప్పుకున్న సమస్య

2022 వానాకాలంలో ఆయన నా దగ్గరకు వచ్చింది కొడుకు కోసం ప్రార్థన చేయించుకోవడానికి. డిగ్రీ అయిన కొడుకు వ్యాపారంలోకి రానంటున్నాడు, మందిరానికి రావడం మానేశాడు, తండ్రితో ముక్తసరిగా తప్ప మాట్లాడడం లేదు. ‘‘లోకం వాడి తలకెక్కీసింది అయ్యగారూ, వాడి మనసు మారాలని ప్రార్థన చెయ్యండి’’ అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, మోకరిస్తే నోట మాట రావడం లేదని మాత్రం వెళ్లడానికి లేచాక, చెప్పులేసుకుంటూ చెప్పాడు.

ఇక్కడ మొదటి నిర్ణయం కొడుకును పిలిపించాలా వద్దా అన్నది. పిలిపించలేదు. ఎదుట ఉన్న మనిషికి సొంత బాధలు రెండున్నాయి, వాటిని గుమ్మం దగ్గర వదిలి వెళ్తున్నాడు. పక్కవాడు మారాలని వచ్చే మనిషి చాలాసార్లు తన సంగతే మోసుకుని వస్తాడు. నిద్ర విషయంలో ముందు డాక్టరును చూడమన్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కనుక బీపీ, షుగరుతో పాటు క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోమన్నాను. అన్నీ బాగున్నాయి. శరీరం సంగతి తేల్చకుండా నిద్రలేమిని ఆత్మీయ సమస్య అనేయడం ప్రమాదం.

తర్వాత కూర్చున్నప్పుడు, సీజనులో ఒక మామూలు రోజును తెల్లవారుజాము నుంచి పడుకునే దాకా చెప్పమన్నాను. నాలుగింటికి లేవడం, టీ, ఆటోల్లో బళ్ల మీద పిక్కలు రావడం, కూలీలకు టిఫిను, వ్యాను లోడింగు, పలాస ప్రయాణం, ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిగాపులు. అంతా చెప్పాడు, తూకం తప్ప. మళ్లీ చెప్పమంటే మళ్లీ అక్కడే దాటేశాడు. ‘‘కాటా దగ్గర ఎవరుంటారు బ్రదర్?’’ అని అడిగితే చాలాసేపు ఊరుకుని, రెండు సీజన్లు కొడుకే ఉన్నాడన్నాడు. ఆ పిల్లవాడు చివరి రోజు అన్న మాట అప్పుడు బయటికొచ్చింది: ‘‘నాన్నా, నీ కాటా కాడ నాను నిల్చోలేను.’’

ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోమని కాపరులను కోరుతున్నాను. ‘నీలో ఉన్న పాపమేమిటి’ అని అడిగితే విశ్వాసులు మనం నేర్పిన జవాబులే చెబుతారు: కోపం, ప్రార్థనలో అశ్రద్ధ, ఫోను. రోజు మొత్తం చెప్పమంటే ఎక్కడ దాటేశారో చూడవచ్చు.

ఆశా, అలవాటా, భయమా

తప్పు ఏమిటో తెలిసిపోయింది. దాని వేరు ఏమిటో తెలియకుండా చికిత్స మొదలెడితే ఎటో పోతుంది. ఆశ అయితే తృప్తి గురించిన బోధ కావాలి. అలవాటే అయితే తెలియజెప్పితే చాలు. ఆయన మొదట అలవాటు అనే చెప్పాడు: ‘‘అందరూ కోసీదే కదండీ. ఫ్యాక్టరీ వోలు నా కాడ కోస్తారు, నాను రైతుల కాడ కోస్తాను.’’ ఇందులో నిజముంది. అయితే గోనె రెండో కిలో అందరిదీ కాదు, ఆయనదే. అది తిత్లీ తర్వాత మొదలైంది. అందుకని తుఫాను ఏడాది గురించే ఎక్కువ మాట్లాడాం. ఆ ఏడాది ఆయన పడ్డ భయం తీరలేదు. మళ్లీ ఏ తుఫానో వస్తే అన్న ఆలోచనతో ఆ కిలోను దాచుకుంటున్నాడు. దేవుడు పోషిస్తాడని ఆదివారం పాడే మనిషి, సోమవారం ఆ పోషణకు ఒక కిలో కలుపుతున్నాడు. కాబట్టి గద్దింపుతో పాటు నమ్మకం గురించిన పని కూడా అవసరమని నిర్ణయించాను.

చేసి చూసినవి, ఫలించనివి

ఆయన అప్పటికే ఉజ్జీవ సభల్లో ముందుకెళ్లి ఏడ్చి తీర్మానం చేసుకున్నాడు, ఒకటి కంటే ఎక్కువసార్లు. ఆ కన్నీళ్లు నిజమైనవే. అయితే ‘ప్రభువా నేను పాపిని’ అన్నాడే గాని, ‘ఫలానా వారి దగ్గర ఫలానా బరువు తీశాను’ అనలేదు. రెండో కొరింథీయులకు 7:10-11లో పౌలు దైవచిత్తానుసారమైన దుఃఖం ఏమేం పుట్టిస్తుందో చెబుతాడు. జాగ్రత్త, ఆగ్రహం, భయం, ఆసక్తి, చివరికి ప్రతిదండన. అంటే అది పనిలోకి దిగుతుంది.

తర్వాత మూడు రోజుల ఉపవాస ప్రార్థన చేస్తానన్నాడు. చేశాడు, నిద్ర కూడా కొంత కుదిరింది. కానీ అది ఆగస్టు. కాటా గోడకు ఆనించి గోనె కప్పి ఉంది. శోధనే లేని నెలలో చేసిన తీర్మానం బలమెంతో మార్చి దాకా తెలియదు. మన ప్రాంతంలో సభలు, ఉపవాస కూటాలు ఎక్కువగా పనులు లేని రోజుల్లోనే పెట్టుకుంటాం. అందులో తప్పులేదు, పంటల రోజుల్లో ఆ మనిషిని పలకరించకపోవడమే తప్పు.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. మందిరం స్లాబు పనికి లక్ష రూపాయలు కానుక ఇస్తానన్నాడు. ఆ సంఘానికి ఆ డబ్బు నిజంగా అవసరం. రేకుల కింద ఎండాకాలం ఆరాధన ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. సంఘకాపరి తీసుకుందామనే అన్నారు. వద్దన్నాను, కారణాలు ఆయనకూ కాపరికీ కూర్చోబెట్టి చెప్పాను. ఆ డబ్బుకు సొంతదారులున్నారు, వారికి పేర్లున్నాయి, చిట్టాలో ఉన్నాయి. మత్తయి 5:23-24లో ప్రభువు అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి ముందు సహోదరుడి దగ్గరకు వెళ్లమన్నాడు. సంఖ్యాకాండం 5:7-8లో వరుస ఇంకా స్పష్టం: ముందు నష్టపోయినవానికి, అతను లేకపోతే అతని రక్తసంబంధికి, ఎవరూ లేనప్పుడే దేవుని పనికి. ఈ వరుస తిరగేస్తే మందిరమే దొంగ సొమ్ము దాచే చోటవుతుంది. పైగా స్లాబు మీద పేరు పడ్డాక ఆ మనిషి ఇక ఎప్పటికీ రైతు గుమ్మం తొక్కడు. కాపరి ఒప్పుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

నాలుగోది 2023 సీజను. ‘ఇకమీదట సరిగానే తూస్తాను’ అని మాట ఇచ్చి మార్చిలో మొదలెట్టాడు. మొదటి వారం నిలబడ్డాడు. రెండో వారం ధర పడింది, ఫ్యాక్టరీలో ఆయన సరుకుకు కోత పెట్టారు, ఆ సాయంత్రమే పాత లెక్కకు వెళ్లిపోయాడు. సీజను అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు పడిపోయాడో చూస్తే మూడు సంగతులు కనిపించాయి. మొదటిది, ‘సరిగా’ అంటే ఎంతో ఎవరూ లెక్కతేల్చలేదు. రెండోది, నష్టం వచ్చే రోజు ఏం చేయాలో ముందే అనుకోలేదు. మూడోది, ఒంటరిగా ఉన్నాడు. ఎఫెసీయులకు 4:22-24లో ప్రాచీన స్వభావాన్ని వదులుకోవడం ఒక్కటే లేదు. మనసు నూతనపరచబడటం, నవీన స్వభావాన్ని ధరించుకోవడం కూడా ఉన్నాయి. అక్కడే 28వ వచనం చూడండి: దొంగిలేవాడు ఇక దొంగిలకుండా ఉంటే చాలనదు. కష్టపడి పనిచేయమంటుంది, అక్కరగలవారికి పంచిపెట్టడానికి. వదిలిన చోట ఏం పెట్టాలో ఆయనకు తెలియలేదు.

పనిచేసినవి

2023 జూన్‌లో మళ్లీ మొదలెట్టాం. ఈసారి కళ్లంలోనే.

ముందు లెక్క. బాగా ఎండిన పిక్కలు 10 కిలోలు, సగం ఎండినవి 10 కిలోలు వేరువేరుగా తూచి రెండు ఎండలు ఎండబెట్టించాను. బాగా ఎండినవి 9.9 కిలోలు తేలాయి, సగం ఎండినవి 9.6. అంటే 80 కిలోలకు మొదటి రకంలో 800 గ్రాములు, రెండో రకంలో 3 కిలోల 200 గ్రాములు తరుగు. ఖాళీ గోనెలు పది కలిపి తూస్తే సుమారు 10 కిలోలు, అంటే గోనెకు ఒక కిలో.

ఇక్కడ ఆయన ముఖం మారింది. సగం ఎండిన బస్తాకు న్యాయమైన కోత 4.2 కిలోలు, ఆయన తీసింది 4. అక్కడ ఆయనే కొంచెం నష్టపోయాడు. బాగా ఎండబెట్టి తెచ్చిన బస్తాకు న్యాయంగా 1.8 కిలోలు తీయాల్సింది, 4 తీశాడు. బస్తాకు 2.2 కిలోలు ఎక్కువ. పిక్కను ఊపితే గలగలమనేదాకా, గోరు దిగనంత గట్టిపడేదాకా ఓపిగ్గా ఎండబెట్టే కుటుంబాలనే ఎక్కువగా దోచుకున్నాడన్నమాట. అంతదాకా ‘అందరి దగ్గరా సమానంగానే తీస్తున్నా’ అనుకునేవాడు. వాక్యం చదివినప్పటి కంటే ఆ కాటా ముందు ఆయన ఎక్కువ కదిలాడు. దొంగత్రాసు యెహోవాకు హేయమనే సామెతలు 11:1 ఎన్నోసార్లు విన్నాడు, దాన్ని తన కళ్లంలో గ్రాముల్లో చూడటం అదే మొదలు. పరీక్ష ఆయనకు అనుకూలంగా వచ్చిన చోట అదీ ఒప్పుకోవడం వల్ల, నన్ను నమ్మాడు కూడా. మారాల్సిన మనిషికి న్యాయం చేయకుండా అతన్ని న్యాయంలో పెట్టలేం.

తర్వాత కాటా. ఎలక్ట్రానిక్ కాటాను తూనికలు కొలతల శాఖతో తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి, ఏటా. ఆయన వదిలేసిన పని అది. వేయించాడు. అంకెలు కనిపించే వైపును రైతు నిలబడే చోటుకు తిప్పాం. ముందు ఖాళీ గోనె తూచడం, రైతే అంకె పైకి చదవడం, స్థూల బరువు, గోనె, తరుగు, నికర బరువు నాలుగూ రాసిన చీటీ కార్బన్ పెట్టి రెండు కాపీలు, ఒకటి రైతుకు. చదువురాని రైతుకు తోడుగా వచ్చిన పిల్లలెవరైనా చదివేవారు. తరుగు ఇక ఒకే లెక్క కాదు. బాగా ఎండితే 800 గ్రాములు. ఎండకపోతే రెండు దారులు: 3 కిలోల 200 గ్రాములు తరుగుకు ఒప్పుకోవడం, లేదా ఆయన సిమెంటు కళ్లంలోనే రెండు రోజులు ఎండబెట్టుకుని అప్పుడు తూయించుకోవడం. ఆ కళ్లం ఊడ్పించడం, రాత్రి టార్పాలిన్ కప్పించడం ఆయన పని. ఎఫెసీయులకు 4:28లోని కష్టం ఆయనకు ఇక్కడ దొరికింది.

దీనివల్ల ఆదాయం తగ్గలేదని చెప్పను. తగ్గింది. పొడి సరుకుకు ఫ్యాక్టరీలో కోత తగ్గడం వల్ల కొంత పూడింది, మిగతాది పూడలేదు. సీజనుకు ముందే భార్యాభర్తలను కూర్చోబెట్టి ఎంత తగ్గవచ్చో కాగితం మీద వేశాం. ఏ ఖర్చు ఆపుతారో వారే రాశారు. ఇంటి వెనక కట్టాలనుకున్న గొడౌను ఆగిపోయింది. నీతిగా ఉంటే దేవుడు రెట్టింపు ఇస్తాడని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా. రెట్టింపు రాని రోజున ఆ మనిషి మళ్లీ గోనెకు రెండు కిలోలు తీస్తాడు.

వాక్యం విషయంలో రోజుకు పది అధ్యాయాల పఠనం ఆపించాను. సీజను మూడు నెలలూ లూకా 3:8-14 ఒక్కటే. మారుమనస్సుకు తగిన ఫలాలేమిటని జనం అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఒక్కొక్కరికి వారి వృత్తిలోనే జవాబిస్తాడు. పన్ను వసూలు చేసే సుంకరులతో, నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దంటాడు, ఉద్యోగం మానేయమనడు. రోజూ తెల్లవారి కాటా మీద గోనె తీసే ముందు, అక్కడే నిలబడి ఆ భాగం చదివి, ఆ రోజు రాబోయే రైతుల పేర్లు చెప్పి ప్రార్థించడం. అయిదు నిమిషాల పని. మోకరిస్తే మాట రాని మనిషికి అక్కడ మాట వచ్చింది. చెప్పడానికి పేర్లున్నాయి కదా.

జవాబుదారీగా ఎవరిని పెట్టాలన్నదీ ఆలోచించాల్సిన సంగతే. భార్యను పెడితే ఆమె ఇంట్లో పోలీసవుతుంది, కాపురం చెడుతుంది. సంఘకాపరి జీతంలో ఈయన దశమభాగం పెద్ద వాటా, అందుకే ఆయనా సరిపోడు. ఈయనకు అప్పు లేని, ఈ వ్యాపారంతో సంబంధం లేని రిటైరైన ఉపాధ్యాయుడొకరు పక్క సంఘంలో ఉంటే ఆయన ఒప్పుకున్నారు. ప్రతి శనివారం సాయంత్రం నాలుగే ప్రశ్నలు. ఎన్ని బస్తాలు తూచావు, ఎన్ని చీటీలు రాశావు? ఎవరి మీద గొంతు పెంచావు? ఏ రోజు పాత లెక్కకు మనసు లాగింది, ఆ రోజు ఫ్యాక్టరీలో ఏం జరిగింది? నాకు చెప్పకుండా దాచాలనిపించిందేమిటి? మూడో ప్రశ్నే అసలు పట్టు. ఆయన జారిపోయేది కళ్లంలోనే అయినా, కాలు తడబడేది ఫ్యాక్టరీ గేటు దగ్గరని దానితోనే తెలిసింది. కోత పడిన రోజు కాటా దగ్గరకు వెళ్లకముందే ఆ ఉపాధ్యాయుడికి ఫోను చేయాలని నియమం పెట్టాం. 2024 సీజనులో అలా చాలాసార్లు చేశాడు.

తిరిగి చెల్లించడం

లూకా 19లోని సుంకరి జక్కయ్యలా నాలుగంతలు ఇస్తానన్నాడు. వద్దన్నాను. జక్కయ్య తనంతట తాను ఆనందంతో అన్న మాట అది. తప్పు తానే ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం చెప్పింది అసలుతో పాటు అయిదో వంతు (లేవీయకాండం 6:5, సంఖ్యాకాండం 5:7). నాలుగంతలన్నది దొంగిలించిన గొర్రెను చంపినా అమ్మినా (నిర్గమకాండం 22:1). ఉత్సాహంలో మోయలేనంత ఎత్తుకుని సగం దారిలో దించేస్తే, మిగిలిన సగం కుటుంబాలకు అసలు కూడా అందదు.

చిట్టాలు 2019 నుంచి 2023 దాకా అయిదు సీజన్లవి దొరికాయి. ఎవరు ఎలా ఎండబెట్టేవారో వ్యాపారికి బాగా గుర్తుంటుంది. గుర్తులేని చోట, సందేహమున్న చోట రైతు పక్షాన రాశాం. ముప్పై నాలుగు కుటుంబాలు, 800 బస్తాలు తేలాయి. ధర ఏటేటా మారింది కనుక బస్తాకు 12,000 అని ఒకే ధర పెట్టుకున్నాం, చిట్టాలో చాలా ఏళ్ల ధరకు ఇది ఎక్కువే. కిలో 150 రూపాయలు, బస్తాకు 330. మొత్తం 2,64,000. అయిదో వంతు 52,800 కలిపితే 3,16,800. నాలుగంతలైతే 10,56,000 అయ్యేది, ఆయన వల్ల అయ్యేది కాదు. భార్య బంగారం అమ్ముతానంటే అదీ ఆపాను. ఆమె చేయని తప్పుకు ఆమె మెడ ఖాళీ చేయడం పశ్చాత్తాపం కాదు. గొడౌనుకు దాచిన డబ్బుతో మొదలెట్టి 2024, 2025 రెండేళ్లలో తీర్చాలని అనుకున్నాం.

ఎవరితో మొదలెట్టాలి? తనతో బాగా ఉండేవారితో అన్నాడు. బాగా ఇబ్బందుల్లో ఉన్నవారితో, మనిషి చనిపోయిన ఇళ్లతో మొదలెట్టమన్నాను. చనిపోయినవారి డబ్బు కొడుకులకే కాదు, కూతుళ్లకూ సమానంగా.

చెప్పే మాట రాసి సాధన చేయించాను. ‘‘ఇన్నేళ్లు మీ బస్తాకు నేను తీయాల్సిన దానికంటే 2 కిలోల 200 గ్రాములు ఎక్కువ తీశాను. అది తప్పు. ఇదిగో లెక్క, ఇదిగో డబ్బు. క్షమించమని అడుగుతున్నాను.’’ అంతే. ‘అందరూ తీసేదే గానీ’, ‘తిత్లీ వల్ల’ అనే మాటలు రెండు మూడుసార్లు దొర్లాయి, కొట్టేయించాను. డబ్బుతో పాటు కరపత్రం ఇవ్వవద్దని, మందిరానికి పిలవవద్దని గట్టిగా చెప్పాను. ఈ కుటుంబాల్లో ఎక్కువమంది హిందువులు. వారి సొమ్ము వారికిస్తూ మన మాట వినమనడం రెండోసారి తూకంలో చేయి పెట్టడమే. తర్వాత వారే అడిగితే చెప్పవచ్చు.

సగం ఎండిన పిక్కలు వేసినవారికి డబ్బు బాకీ లేదు. అయినా గోనె రెండు కిలోలని చెప్పింది అబద్ధమే కనుక వారి దగ్గరకూ వెళ్లి ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ పని డబ్బివ్వడం కంటే కష్టమైందని ఉపాధ్యాయుడితో చెప్పాడట.

స్పందనలు రకరకాలు. ఒకాయన డబ్బు లెక్కపెట్టుకుని మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఒకరు తిట్టారు, ఊరంతా చాటారు. ఒక పెద్దావిడ, పది బస్తాలకు 3,960 రూపాయలు చేతిలో పట్టుకుని అంది: ‘‘నాకు తెలీదనుకున్నావేటి బావూ? అప్పు నీ కాడుంటే నోరెలగ లేస్తాది?’’ ఈ మాట వల్ల కేసు ఇంకో అడుగు లోపలికి వెళ్లింది. అప్పటిదాకా తూకం గురించే మాట్లాడుతున్నాం. రైతు నోరు నొక్కింది అప్పు షరతు. అప్పు తీసుకున్నవారు పిక్కలు ఎక్కడైనా అమ్ముకుని డబ్బు కట్టవచ్చని రాసివ్వమన్నాను. తూకం మార్చుకున్న మనిషి దీనికి మాత్రం ఏడాది ఒప్పుకోలేదు. రైతులు వెళ్లిపోతారన్న భయం, తిత్లీ నాటి భయమే, ఇక్కడ దాక్కుంది. నేను తొందరపెట్టలేదు, ఊరుకోనూ లేదు. ప్రతి నెలా ప్రభుబల్లకు ముందు వారం, తన్ను తాను పరీక్షించుకునే వేళ (మొదటి కొరింథీయులకు 11:28) ఈ ఒక్క ప్రశ్నే అడిగేవాణ్ని. 2025 జనవరిలో రాసిచ్చాడు. ఆ సీజనులో ఆరు కుటుంబాలు వేరే చోట అమ్ముకున్నాయి, అప్పు కట్టాయి.

సంఘంలో

కోశాధికారి పదవి రెండు సీజన్లపాటు వదులుకోమన్నాను, వదులుకున్నాడు. కారణం సంఘ పెద్దల్లో ఇద్దరికే, ఆయన అనుమతితో చెప్పాం. సాక్ష్యం చెప్పనివ్వలేదు. ఇది కొందరికి నచ్చలేదు, దేవుని మహిమను దాస్తున్నారన్నారు. పచ్చిగా ఉన్న మార్పును పుల్పిటు ఎక్కిస్తే చప్పట్లే ఫలమవుతాయి, అసలు ఫలం ఆగిపోతుంది. పైగా ఆ కథలో ముప్పై నాలుగు కుటుంబాల సంగతి ఉంది, దాన్ని చెప్పే హక్కు ఆయన ఒక్కడిది కాదు.

లెక్కలు రాసే మనిషితో ఇంకొక జాగ్రత్త. బాకీ తీరుతున్నకొద్దీ దేవుడితో కూడా లెక్క తీరిపోతోందన్న భావం కనిపించింది. ‘‘ఇంకో లక్ష అయితే నాకు సమాధానం వస్తుంది అయ్యగారూ’’ అన్న రోజున చెల్లింపు ఒక నెల ఆపించాను. జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లింది అతను నాలుగంతలు అనకముందు. కృప ముందు వచ్చింది, డబ్బు సంచి తర్వాత తెరుచుకుంది. రైతుకు ఇచ్చేది రైతు బాకీ. క్రీస్తు తీర్చింది దేవుడి ఎదుట ఉన్న బాకీ. ఈ రెండూ కలిపేస్తే మనిషి గర్వానికైనా పోతాడు, నిరాశకైనా పోతాడు. ఆ నెలంతా మేం చదివింది ఎఫెసీయులకు 2:8-10 మాత్రమే. ఆ తర్వాత చెల్లింపు మొదలెట్టినప్పుడు ఆయనలో తొందర తగ్గింది.

మార్పును ఎలా గుర్తించామంటే, ఆయన ఎలా అనిపిస్తోందని చెప్పాడో దాన్నిబట్టి కాదు. చీటీల సంఖ్య, బస్తాల సంఖ్య ఒకటేనా? రైతు ‘ఇంకోసారి తూయండి’ అంటే గొంతు పెరగకుండా తూస్తున్నాడా? కోత పడిన రోజు ఫోను వచ్చిందా? ఈ మూడూ 2024 సీజను చివరికి నిలకడగా కనిపించాయి. మొదటిది త్వరగా వచ్చింది, రెండోదానికి చాలా కాలం పట్టింది.

ఇప్పటి స్థితి

2025 సీజను ముగిసేసరికి ముప్పై కుటుంబాలకు డబ్బు అందింది. ఒకరు ఎంత చెప్పినా తీసుకోలేదు. రెండు కుటుంబాలు చెన్నై పనులకు వలసపోయాయి, బంధువుల ద్వారా ఫోను నంబర్ల కోసం వెతుకుతున్నాడు. ఒకరు చనిపోయారు, పిల్లలు లేరు. అక్కచెల్లెళ్ల పిల్లలెవరైనా ఉన్నారేమో ఆరా తీస్తున్నాం, ఎవరూ లేరని తేలాకే ఆ మొత్తం సంఘానికి. కోశాధికారిగా మళ్లీ రమ్మని అడిగితే ఆయనే వద్దన్నాడు.

కొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. మందిరానికి రావడం లేదు. తండ్రికి ఫోను చేస్తాడు, ఇంటికొచ్చినప్పుడు కళ్లంలో కూర్చుంటాడు. ‘వాడిని మార్చమని’ ఆయన ఇప్పుడు అడగడం లేదు, వాడి పేరు చెప్పి ప్రార్థిస్తాడు.

ఫ్యాక్టరీ కోత సంగతి తేలలేదు. తేమ కొలిచి, కోతకు చీటీ ఇవ్వమని ఆయన అడిగితే ఒక ఫ్యాక్టరీ ఒప్పుకుంది, మిగతావి ఒప్పుకోలేదు. 2026 సీజనుకు ఒప్పుకున్న ఆ ఒక్కదానికే ఎక్కువ సరుకు వేయాలని, అక్కడ బస్తాకు కొంత ధర తక్కువైనా సరేనని నిర్ణయించుకున్నాడు. ఆ తేడా ఎంతో భార్యతో కలిసి కాగితం మీద వేస్తున్నారు. శనివారం ప్రశ్నలు సాగుతున్నాయి.